తుంటి రోగుల క్రీడా స్థాయి ప్రశ్నావళిని స్వీడిష్‌లోకి తేవడం ఎలా: అనువాదం నుంచి ప్రామాణికత నిరూపణ వరకు

“ప్రశ్నావళిని స్వీడిష్‌లోకి అనువదించాం, ఇక రోగులకు ఇవ్వవచ్చా?” అని ఫిజియోథెరపీ విద్యార్థులు, ఆర్థోపెడిక్ పరిశోధనలో కొత్తగా చేరినవారు తరచూ అడుగుతుంటారు. అప్పుడే ఇవ్వకూడదు. అనువాదం పూర్తయిన రోజుకు పనిలో మూడోవంతు కూడా కాదు. మిగిలిన పని ఏమిటో, దాన్ని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ జారిపడే ప్రమాదం ఉందో ఒక నిజమైన ఉదాహరణతో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణగా హిప్ స్పోర్ట్స్ యాక్టివిటీ స్కేల్‌ను తీసుకుంటున్నాను. 2013లో ప్రచురితమైన ఈ స్కేలును క్లుప్తంగా హెచ్‌ఎస్‌ఏఎస్ అంటారు. తొడ ఎముక తల, తుంటి గిన్నె అంచు ఒకదానికొకటి ఒరుసుకోవడం వల్ల నొప్పి వచ్చే ఫెమోరో ఎసిటాబ్యులర్ ఇంపింజ్‌మెంట్ రోగుల కోసం దీన్ని తయారుచేశారు. ఇందులో 0 నుంచి 8 వరకు తొమ్మిది స్థాయిలు ఉంటాయి. ఏ ఆటా ఆడనివారు 0లోనూ, తుంటిపై ఎక్కువ భారం పడే ఆటలను ఉన్నత స్థాయి పోటీల్లో ఆడేవారు 8లోనూ వస్తారు. రోగి చేయవలసింది తనకు సరిపోయే వరుసను ఎంచుకోవడమే. చూడటానికి చాలా సులువైన పనిలా ఉంటుంది కాని, ప్రశ్న ఒక్కటే కనుక ఆ ఒక్క వరుసలో మాట తప్పితే దాన్ని సర్దే మరో ప్రశ్న ఉండదు.

## 1. మొదలుపెట్టే ముందు

ఆ భాషలో ప్రశ్నావళి ఇప్పటికే ఉందేమో ముందుగా వెతకండి. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ తుంటి ఆర్థ్రోస్కోపీ (కీలులోకి సన్నని కెమెరా పంపి చేసే శస్త్రచికిత్స) రిజిస్ట్రీలో ఐహాట్-12 (తుంటి రోగుల జీవన నాణ్యత), హేగోస్ (తుంటి, గజ్జ సమస్యలు), ఈక్యూ-5డి (సాధారణ ఆరోగ్యం) ప్రశ్నావళులతో పాటు హెచ్‌ఎస్‌ఏఎస్‌ను కూడా సేకరిస్తూ వచ్చారు. కనుక ఈరోజు స్వీడిష్‌లో పని మొదలుపెట్టేవారు రెండో అనువాదం తయారుచేయకుండా, ఉన్న రూపాన్ని కొత్త రోగుల గుంపులోనో డిజిటల్ రూపంలోనో పరీక్షించడం మంచిది. ఒకే భాషలో రెండు రూపాలు తిరిగితే ఒక ఆసుపత్రిలో వచ్చిన 5, మరో ఆసుపత్రిలో వచ్చిన 5 ఒకటేనని చెప్పలేం.

అనువాదం లేని భాష అయితే పూర్తి వరుసను పాటించాలి. దానికి ముందు ఈ కింది పనులు పూర్తయ్యాయో లేదో చూసుకోండి.

- మూల రచయితల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నారా? ఆటల పేర్లను మార్చే స్వేచ్ఛ ఎంతవరకు ఉందో అందులో స్పష్టంగా ఉందా?
- నైతిక అనుమతి వచ్చిందా? స్వీడన్‌లో 2019 జనవరి నుంచి ఈ దరఖాస్తులన్నీ ఒకే జాతీయ నైతిక సమీక్షా సంస్థకు వెళ్తాయి.
- రోగుల వివరాలు ఎక్కడ, ఎవరి చేతిలో ఉంటాయో యూరప్ డేటా రక్షణ నిబంధనల ప్రకారం రాసిపెట్టారా?
- ప్రతి నిర్ణయాన్ని తేదీతో సహా నమోదు చేసే పుస్తకమో ఫైలో తెరిచారా?

చివరిదాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. ఒక మాటను ఎందుకు మార్చారో ఆరు నెలల తరవాత ఎవరికీ గుర్తుండదు. సమీక్షకులు మాత్రం సరిగ్గా ఆ మాట గురించే అడుగుతారు.

## 2. కొలిచేది ఏమిటో ఒక వాక్యంలో రాసుకోండి

“రోగి ఏ ఆటను, ఏ స్థాయిలో ఆడుతున్నాడో ఈ స్కేలు చెబుతుంది.” ఈ వాక్యాన్ని గోడకు అంటించుకున్నా తప్పులేదు. ఎంత నొప్పితో ఆడుతున్నాడు, ఎంత బాగా ఆడుతున్నాడు, ఆటలో ఎంత తృప్తి పొందుతున్నాడు అనేవి ఈ స్కేలు పరిధిలోకి రావు. నొప్పి వంటివాటికి హేగోస్, ఐహాట్-12 ఉన్నాయి.

ఏ కాలం గురించి అడుగుతున్నారో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. యుక్తవయసులో ఆడిన స్థాయి, నొప్పి మొదలుకాకముందు స్థాయి, శస్త్రచికిత్సకు ముందు స్థాయి, ఇప్పటి స్థాయి అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. వీటిని ఒకే పేజీలో పక్కపక్కన అడిగితే రోగి ఒకదాని జవాబును చూసి మరొకటి రాస్తాడు. విడివిడిగా, ప్రతి ప్రశ్నకూ కాలాన్ని ముద్ద అక్షరాల్లో చూపి అడగండి.

## 3. రెండు అనువాదాలు, ఒక సమ్మేళనం

స్వీడిష్ మాతృభాషగా ఉన్న ఇద్దరు, ఒకరి పని ఒకరు చూడకుండా అనువదించాలి. ఒకరికి తుంటి సమస్యల గురించి తెలిసి ఉండాలి. మరొకరికి వైద్యంతో సంబంధం ఉండకూడదు, ఎందుకంటే రోగి ఎక్కడ తడబడతాడో ఆ రెండో వ్యక్తి అనువాదమే ముందుగా చూపిస్తుంది.

ఇద్దరూ ఒకే మాట వాడిన చోట కూడా ఆగి చూడండి. స్వీడిష్‌లో “మొత్‌షూన్” అనే మాట ఉంది. ఇంగ్లిష్‌లో అదే వర్ణక్రమంతో ఉన్న మాటకు కదలిక అని అర్థం కాగా, స్వీడిష్‌లో దానికి ఆరోగ్యం కోసమో సరదాకోసమో చేసే వ్యాయామం అని అర్థం. పోటీ లేని ఆటను సూచించడానికి ఇది చక్కగా సరిపోతుంది. అయితే “మొత్‌షూన్స్‌లోప్” అనే మాట కూడా ఉంది. అంటే సాధారణ జనం పాల్గొనే పరుగు లేదా స్కీ పందెం. మార్చి మొదటి ఆదివారం సేలెన్ నుంచి మోరా వరకు 90 కిలోమీటర్లు సాగే వాసాలోపెట్‌లో పాల్గొనే వేలమందిలో చాలామంది అలాంటివారే. ఛాతీ మీద నంబరు కట్టుకుని, సమయం నమోదు చేయించుకుని గమ్యం చేరిన ఆ మనిషి “పోటీ” వరుసలో గీత పెట్టాలా, “మొత్‌షూన్” వరుసలోనా? అనువాదకులిద్దరూ ఏకీభవించిన మాట ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. స్థాయి పక్కన ఒక చిన్న వివరణ చేరిస్తేనే సమస్య తీరుతుంది.

ఆ తరవాత ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే సమ్మేళన ప్రతిని తయారుచేయండి. ఓటింగ్ పెట్టకండి. ప్రతి తేడానూ చర్చించి, కారణం రాసి, ఒక మాటకు రండి.

## 4. ఆటల పట్టిక: అసలు కష్టం ఇక్కడే

ఈ పనిలో ఎక్కువ సమయం దీనికే కేటాయించమని నా సలహా. వాక్యాలను అనువదించడం కంటే ఆటలను సరైన వరుసలో నిలబెట్టడం చాలా కష్టం.

పేరు ఒకటి, ఆట వేరు. స్వీడన్‌లో “హాకీ” అంటే ఐస్ హాకీ. మనకు తెలిసిన గడ్డి మైదానపు హాకీని “లాండ్‌హాకీ” అంటారు. “బాండి” మంచు మీద బంతితో ఆడే ఆట, “ఇన్నెబాండి” హాలులో ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట. “యుమ్నాస్తీక్” క్రీడగా ఆడే జిమ్నాస్టిక్స్ అయితే, “యుంపా” సంగీతంతో గుంపుగా చేసే వ్యాయామం. తుంటి మీద ఈ రెండూ మోపే భారంలో ఎంతో తేడా ఉంది. “స్కీయింగ్” అని మాత్రమే రాస్తే కొండవాలు మీద దిగడమా, చదును నేల మీద పొడవు స్కీయింగా అన్నది తెలియదు. స్వీడిష్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయి, రెండూ రాయాలి.

మూలంలో లేని ఆట. స్వీడన్‌లో ఇన్నెబాండి ఆడేవారు, గుర్రపు స్వారీ చేసేవారు, అడవిలో మ్యాపు పట్టుకుని పరుగెత్తే ఓరియెంటీరింగ్ క్రీడాకారులు చాలామంది ఉన్నారు. వీరిలో ఎవరి ఆట పేరైనా పట్టికలో కనిపించకపోతే ఆ రోగి తోచిన వరుసలో గీత పెడతాడు. కనుక ఆట పేరు చేర్చాలి. ఏ వరుసలో చేర్చాలన్నది ఆట ప్రసిద్ధిని బట్టి కాక తుంటిపై పడే భారాన్ని బట్టి నిర్ణయించాలి. దానికి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

- పరుగులో హఠాత్తుగా దిశ మార్చాలా, ఒంటికాలి మీద తిరగాలా?
- తుంటిని బాగా లోతుగా మడవాలా?
- బలంగా తన్నడం, కాళ్లను వెడల్పుగా చాపడం ఉన్నాయా?
- ఎదుటివారితో శరీరం ఢీకొంటుందా?

ఇన్నెబాండిలో ముందుకు వంగి పరుగెత్తుతూ, అడుగడుగునా ఆగి తిరగాలి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు “అవును” కనుక, అది తోట చుట్టూ జాగింగ్ చేసేవారి పక్కన కాక హ్యాండ్‌బాల్ వంటి ఆటల సరసన ఉండాలి. నిపుణులు ముగ్గురు నలుగురు విడివిడిగా వరుస నిర్ణయించిన తరవాతే కలిసి చర్చించాలి. ముందే కలిస్తే పెద్దవారి మాటే నెగ్గుతుంది.

మూలంలో ఉండి, అక్కడ ఎవరూ ఆడని ఆట. లాక్రాస్ వంటి పేరును తీసివేయాలనిపిస్తుంది. తీసివేయవద్దు. దాని పక్కన స్థానిక ఆటను చేర్చండి. తీసేస్తే ఇతర దేశాల స్కోర్లతో పోల్చే దారి మూసుకుపోతుంది.

“ఉన్నత స్థాయి” హద్దు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆల్‌స్వెన్స్కన్, సూపెరెత్తన్ లీగ్‌లు పైన ఉంటాయి, వాటి కింద ఎత్తన్, ఆ కింద డివిజన్ 2, ఇంకా కిందికి మెట్లు సాగుతాయి. మహిళల రెండో లీగ్ పేరే ఎలీతెత్తన్. “ఎలీత్” (ఉన్నత స్థాయి) అని ఒక్క మాట రాసి వదిలేస్తే డివిజన్ 2 ఆటగాడు ఒకరు తానూ ఎలీత్ అనుకుంటాడు, మరొకరు అనుకోడు. ఏ లీగ్ వరకు ఎలీత్‌గా లెక్కించాలో కమిటీ తేల్చి, ఆ హద్దును సూచనల్లో రాయాలి. ఉద్యోగుల మధ్య జరిగే కోర్పెన్ లీగ్ మ్యాచ్‌లు ఎటు వస్తాయో కూడా చెప్పాలి.

ఇదే స్కేలును రేపు తెలుగులోకి తెచ్చేవారికీ ఈ అధ్యాయమే ముఖ్యం. కబడ్డీ, ఖోఖో ఏ వరుసలో ఉండాలో పై నాలుగు ప్రశ్నలే తేలుస్తాయి. పైగా మన దగ్గర తుంటి నొప్పిని “నడుం నొప్పి” అని చెప్పేవారున్నట్టే, స్వీడిష్ రోగులు కూడా “హోఫ్ట్” అనగానే తుంటి పక్కనున్న ఎముకను తడిమి చూపిస్తారు. ఈ జబ్బులో నొప్పి ఎక్కువగా వచ్చేది గజ్జలో. దానికి వారి మాట “యుమ్‌స్కె”. సూచనల్లో రెండు మాటలూ ఉండాలి.

## 5. తిరుగు అనువాదం, నిపుణుల కమిటీ

ఇంగ్లిష్ మాతృభాషగా గల ఇద్దరు, మూలం చూడకుండా, సమ్మేళన ప్రతిని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. మూలంతో మాటకు మాట సరిపోవడం ఇక్కడ గెలుపు కాదు. కృత్రిమమైన స్వీడిష్ కూడా తిరుగు అనువాదంలో చక్కగా సరిపోతుంది. అర్థం తేడా వచ్చిన చోట్లను పట్టుకోవడానికి మాత్రమే దీన్ని వాడండి.

కమిటీలో ఆర్థోపెడిక్ సర్జన్, ఫిజియోథెరపిస్టు, పరిశోధనా పద్ధతులు తెలిసినవారు, అనువాదకులందరూ ఉండాలి. క్రీడా శిక్షకుడు ఒకరు, వీలైతే రోగి ఒకరు ఉంటే నాలుగో దశలోని వాదాలు సగం తొందరగా తేలుతాయి.

## 6. రోగుల ముందు పెట్టి వినడం

ప్రశ్నావళుల అనువాదంపై బీటన్ బృందం 2000లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ముందస్తు పరీక్షకు 30 నుంచి 40 మందిని సూచిస్తాయి. వారందరితో ప్రశ్నావళి నింపించి, కొందరితోనైనా లోతుగా మాట్లాడాలి. “అర్థమైందా?” అని అడగవద్దు. మర్యాదకు అందరూ అర్థమైందనే అంటారు. ఇలా అడగండి:

- “ఈ వరుసను మీ మాటల్లో చెప్పండి.”
- “దీన్ని ఎందుకు ఎంచుకున్నారు? పక్క వరుసను ఎందుకు వదిలేశారు?”
- “ఏ రోజులను మనసులో పెట్టుకుని గీత పెట్టారు?”

ఊహకు ఒక సన్నివేశం తీసుకుందాం. ఇరవై ఎనిమిదేళ్ల ఇన్నెబాండి క్రీడాకారిణి పెన్ను పట్టుకుని 6 దగ్గర ఆగి, 3కు దిగి, మళ్లీ పైకి వెళ్లింది. కారణం అడిగితే, “జట్టులో నా పేరు ఉంది, కాని డిసెంబరు నుంచి మ్యాచ్ ఆడలేదు, సైకిల్ మాత్రమే తొక్కుతున్నాను” అంటుంది. ఆమె తడబాటుకు కారణం ఆట పేరు కాదు. “ఇప్పుడు” అనే మాటకు ఎన్ని వారాల నిడివి ఉందో ప్రశ్నావళి చెప్పలేదు. కాగితం మీద ఆమె ఏదో ఒక గీత పెట్టి వెళ్లిపోయేది, మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. పెన్ను ఎక్కడ ఆగిందో గమనించే మనిషి గదిలో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇద్దరు ముగ్గురు ఒకేచోట తడబడితే మాట మార్చి, మార్చిన ప్రతిని కొత్త రోగులతో మళ్లీ పరీక్షించండి.

## 7. ప్రామాణికత పరీక్షకు సిద్ధం కావడం

ప్రామాణికత అంటే స్కేలు తాను కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది. ఆరోగ్య ప్రశ్నావళుల నాణ్యతను అంచనా వేసే కాస్మిన్ ప్రమాణాల ప్రకారం 100 లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే చాలా మంచిది, 50 నుంచి 99 వరకు సరిపోతుంది, 30కి తగ్గితే ఫలితం మీద ఆధారపడలేం. స్త్రీలు, పురుషులు, పోటీ క్రీడాకారులు, సరదాగా ఆడేవారు అందరూ తగినంతగా ఉండాలి. ఎలీత్ క్రీడాకారులు మాత్రమే వచ్చే క్లినిక్‌లో కూర్చుంటే కింది వరుసలన్నీ ఖాళీగా మిగులుతాయి.

డేటా చూడకముందే పరికల్పనలు, అంటే ఏ ఫలితం వస్తుందని ఆశిస్తున్నారో, రాయండి. ఏ ప్రశ్నావళితో ఎంత సంబంధం ఆశిస్తున్నారో అంకెల్లో, కారణంతో సహా ఉండాలి. ఈ స్కేలుకు నేనైతే ఇలా రాస్తాను.

1. టెగ్నర్ స్కేలుతో స్పియర్‌మన్ సహసంబంధం (రెండు స్కోర్లు ఎంతగా కలిసి పెరుగుతాయో చెప్పే అంకె) 0.50 లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే రెండూ కార్యకలాప స్థాయినే కొలుస్తాయి.
2. హేగోస్‌లోని శారీరక కార్యకలాపాల్లో పాల్గొనే ఉపవిభాగంతో 0.30 నుంచి 0.60 మధ్య ఉంటుంది.
3. హేగోస్ రోజువారీ పనుల ఉపవిభాగంతో అంతకంటే తక్కువ ఉంటుంది.
4. ఈక్యూ-5డితో ఇంకా బలహీనంగా ఉంటుంది.
5. నొప్పికి ముందరి స్థాయి, శస్త్రచికిత్సకు ముందరి స్థాయి కంటే ఎక్కువ ఉంటుంది.

టెగ్నర్‌తో సంబంధం 0.90 వస్తుందని ఆశించకండి. 1985లో వచ్చిన ఆ స్కేలు మోకాలి రోగుల కోసం తయారైంది, 0 నుంచి 10 వరకు ఉంటుంది, ఆటలతో పాటు ఉద్యోగంలోని శ్రమను కూడా లెక్కిస్తుంది. అడవిలో చెట్లు కొట్టే కార్మికుడు ఏ ఆటా ఆడకపోయినా టెగ్నర్‌లో 5 పొందగలడు. హెచ్‌ఎస్‌ఏఎస్‌లో అతని స్థాయి 0. ఈ తేడా స్కేలు లోపం కాదు, అది కొలిచే విషయమే వేరు.

పరికల్పనల్లో కనీసం 75 శాతం నిజమైతే ప్రామాణికతకు మంచి ఆధారం ఉన్నట్టు లెక్క. తప్పిన పరికల్పనను దాచకుండా, ఎందుకు తప్పిందో రాయండి.

## 8. రెండుసార్లు అడిగి చూడటం

పరిస్థితి మారని రోగికి రెండు వారాల దూరంలో రెండుసార్లు ఇస్తే అదే జవాబు రావాలి. శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్నవారు దీనికి అనుకూలం. రెండోసారి “మొదటిసారి నుంచి మీ తుంటి పరిస్థితి మారిందా?” అని తప్పక అడిగి, మారినవారిని లెక్క నుంచి తప్పించండి.

స్వీడన్‌లో రుతువును మరవకండి. మార్చి చివర మొదటి పరీక్ష, ఏప్రిల్ మధ్యలో రెండోది పెడితే దక్షిణాదిన మంచు కరిగి స్కీలు అటకెక్కుతాయి, ఇన్నెబాండి సీజన్ ముగుస్తుంది, ఫుట్‌బాల్ మొదలవుతుంది. తుంటి మారకుండానే జవాబు మారుతుంది.

లెక్కకు క్వాడ్రాటిక్ వెయిటెడ్ కప్పా లేదా ఐసీసీ వాడండి. రెండు జవాబులు ఎంతగా కలుస్తున్నాయో ఇవి చెబుతాయి, 1 అంటే పూర్తిగా కలిసినట్టు. 0.70 కనీస హద్దు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చూపే క్రోన్‌బాక్ ఆల్ఫాను ఒకే ప్రశ్న ఉన్న స్కేలుకు లెక్కించే వీలే లేదు.

తరవాత కొలత పొరపాటును స్కేలు మెట్లలో చెప్పండి. ఉదాహరణకు ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.5, ఐసీసీ 0.90 అనుకుందాం. కొలత ప్రామాణిక పొరపాటు 1.5 × √0.10, అంటే సుమారు 0.47. గుర్తించగలిగే కనీస మార్పు 1.96 × √2 × 0.47, అంటే సుమారు 1.3. స్కేలులో ఒకటిన్నర, రెండున్నర వంటి అర మెట్లు లేవు కనుక, ఒక రోగి 4 నుంచి 5కు వెళ్తే అది నిజమైన మార్పని చెప్పలేం, 6కు వెళ్తే చెప్పగలం. 64 మంది సగటు విషయంలో అదే హద్దు 1.3 ÷ 8, అంటే 0.16కు దిగుతుంది. ఒక రోగికీ ఒక గుంపుకూ ఉన్న ఈ తేడాను వైద్యులకు అర్థమయ్యేలా రాయడం మీ బాధ్యత.

## 9. చికిత్స తరవాతి మార్పు, అంచుల్లో పేరుకోవడం

శస్త్రచికిత్సకు ముందు, ఏడాది తరవాత స్కోర్లు తీసుకుని, “మొత్తం మీద ఎలా ఉంది?” అనే ప్రశ్నకు వచ్చిన జవాబుతో మార్పును పోల్చండి. నొప్పి పూర్తిగా తగ్గినా వయసు, పిల్లలు, ఉద్యోగం వల్ల పోటీలు మానేసినవారు ఉంటారు. కనుక తృప్తితో బలమైన సంబంధం ఉంటుందని పరికల్పన రాయవద్దు.

అట్టడుగు స్థాయిలో 15 శాతం కంటే ఎక్కువమంది పోగైతే ఫ్లోర్ ఎఫెక్ట్, అన్నిటికంటే పై స్థాయిలో పోగైతే సీలింగ్ ఎఫెక్ట్ ఉందంటారు. తొమ్మిదే వరుసలున్న స్కేలులో జనం సమానంగా పంచబడినా ఒక్కో వరుసకు 11 శాతం వస్తారు. కాబట్టి 16 శాతం చూసి కంగారుపడకుండా, మొత్తం పంపిణీని పట్టికగా ఇవ్వండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

రోగి రెండు వరుసల్లో గీత పెట్టాడు. పైస్థాయిని తీసుకోవాలన్న నియమాన్ని ముందే రాసి, ఎంతమంది అలా చేశారో నివేదించండి. పది మందిలో ఇద్దరు అలా చేస్తుంటే సూచన వాక్యమే సరిగా లేదు.

కాగితం రూపాన్ని పరీక్షించి, ఫోన్ రూపాన్ని వాడారు. ఫోన్‌లో రెండు గీతలకు వీలుండదు, చిన్న తెరపై పై వరుసలు మాత్రమే కనిపిస్తాయి, కిందివి వేలితో జరిపితేగాని కనబడవు. రెండు రూపాలనూ కొంతమందితో పోల్చి చూడాలి.

సహాయకుడు రోగి తరఫున వరుస ఎంచాడు. అప్పుడది రోగి నివేదించిన కొలత కాదు. ఆ పత్రాలను విడిగా లెక్కించండి.

పి విలువను (అసలు సంబంధం లేకపోయినా ఇంత ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని) చూసి సంబంధం బలంగా ఉందన్నారు. వందమందిలో 0.25 సహసంబంధం కూడా గణాంకపరంగా సార్థకమే అవుతుంది. సంబంధం ఎంత ఉందో, దాని 95 శాతం విశ్వాస అంతరంతో రాయండి.

## 11. చివరి ప్రతిని విడుదల చేయడం

- ప్రతి పేజీ అడుగున రూపం సంఖ్య, తేదీ ఉండాలి.
- స్కోరు లెక్క, రెండు గీతల నియమం, ఎలీత్ హద్దు ఉన్న ఒక పేజీ సూచనపత్రాన్ని జత చేయాలి.
- చేర్చిన ఆటలు, వాటి వరుస, కారణం ఉన్న పట్టికను వ్యాసానికి అనుబంధంగా ఇవ్వాలి.
- మూల రచయితలకు చివరి ప్రతిని, దాని తిరుగు అనువాదాన్ని పంపాలి.
- కొత్త ఆట చేర్చమని ఏ క్లినిక్ అయినా అడిగితే ఎవరు నిర్ణయించాలో పేరుతో కాక పదవితో రాయాలి. మనుషులు ఉద్యోగం మారినా ప్రశ్నావళి అక్కడే ఉంటుంది.